సైకిలెక్కిన సారె

ఆ గిన్నె అంత గట్టిగా పెట్టకే, సొట్టడిపోతాది. కోపం నామీదైతే నామీద సూపించు. మధ్యలో గిన్నేటి సేసింది పాపం.

నిన్న సాయంత్రంనుంచీ ఒక్క మాట నేదు నీ నోట్లోంచి. టీ తెచ్చి గట్టుమీద పెడతావు, నేను తాగుతాను, గ్లాసు పట్టుకెల్లిపోతావు. హోటలోడు కూడా ఇంకోటి గావాలా అనడుగుతాడు గదా రాజకుమారీ. కట్టుకున్నదానివి, ఆ మాత్రం అడగవేటి?

సరే, మాటాడకు. నీ నోరు నీ ఇష్టం. బెండకాయలు తరుగుతా విను. నేను ఈ పంచరేసుకుంటా సెప్తాను.

ఏటంటాడు మీ అన్న? "బావా, ఆ సైకిలు అమ్మీసి సాలూరొచ్చీ. నా లారీ ఆఫీసులో ఫేను కింద కుర్సీ ఏసి కూకోబెడతాను." ఇదేనా? నువ్వూ అదే పాట. మా కొరియర్ ఆఫీసు మేనేజరూ అదే పాట. ఊరు సాగిపోనాది, సైకిలు మీద పార్సిళ్ళు ఇక అందవు అంటాడు. ముగ్గురూ కలిసి మాటాడుకున్నారేటి?

నేను కొరియర్లో సేరిన్నాటికి ఇజీనగరం ఎంతుండేదే? గంటస్తంభం కాడ నేను బెల్లు కొడితే కోట కాడ జనం పక్కకి తప్పుకునీవోరు. ఇప్పుడో? ఎక్కడ సూడు, పొలంలో రంగు జెండాలు పాతీసి లేఅవుటు అంటన్నారు. అక్కడ జెండా ఊగితే ఇక్కడ నా మోకాలు సలుపుతాది.

అయినా సైకిలు కొరియరోడు బతుకుతాడు. నేను సెప్తన్నాను విను. పాత ఊళ్ళో సందులున్నాయి గదా, అక్కడ మోటారు బండోళ్ళు ఏటి సేస్తారు? సందు మధ్యలో ఆవు పడుకునుంటాది. ఆళ్ళు హారను కొట్టుకుంటా కూకుంటారు, ఆవు సెవులాడించుకుంటా పడుకుంటాది. నేను సైకిలు భుజానేసుకుని ఆవుని దాటీసి ఎల్లిపోతాను. ఆవుక్కూడా నేనంటే గౌరవం.

కొత్త లేఅవుట్లే కష్టం, ఒప్పుకుంటాను. ఫోన్లో ఆ మేపు పిల్ల ఉన్నాది సూడు, "మీరు గమ్యం చేరుకున్నారు" అంటాది. తలెత్తి సూస్తే నువ్వుల సేను. సేన్లోంచి రైతు లేచి, నాకేటైనా వొచ్చిందేటి అనడుగుతాడు. ఏటి సెప్పను? ఫోన్ సేసి అడ్రసు అడిగితే అందరిదీ ఒకటే మాట, "నీళ్ళ టేంకు పక్కన క్రీము రంగు ఇల్లు." ప్రతీ లేఅవుటుకీ ఓ ఆర్చీ, ఓ టేంకు. ప్రతీ టేంకు పక్కనా క్రీము రంగు ఇల్లే. ఆ రంగు డబ్బాలు ఎక్కడో సవగ్గా దొరికుంటాయి.

ఏటా సూపు? సారె సంగతికి రమ్మంటావు, అంతేనా. వొస్తన్నాను, ఎక్కడికి పోతాను.

అవును, నేనే తీసుకెల్తానన్నాను. మీ అన్న కూతురు అర్చనకి పెళ్ళయ్యాక మొదటి శ్రావణం సారె. మీ అన్న లారీలో తెచ్చి మనింటి కాడ దింపీసి, ఆటో మాటాడతానన్నాడు. నాకు రోషం వొచ్చింది. ఊరందరి సరుకూ మోసినోడిని, మన పిల్ల సారె మొయ్యలేనా? ఎనకాల కేరియరు మీద అరిసెల డబ్బా, దానిమీద లడ్డూల డబ్బా, ముందు బుట్టలో కాజాలు, హేండిలుకి సలిమిడి గిన్నె. నువ్వు కూడా సైకిలుకి బొట్టెట్టి పంపించావు. అప్పుడు నవ్వుతానే ఉన్నావు.

అర్చన అత్తోరి లేఅవుటుకి రింగ్ రోడ్డు దాటాక అంతా ఎగువ. వాన్లకి బురద. గతుకొచ్చినప్పుడల్లా సలిమిడి గిన్నె వొచ్చి మోకాలు సిప్పమీద కొట్టడం. తొక్కి తొక్కి, తోసి తోసి, సివరికి ఆర్చీ కనిపించింది. ఎనకాల టేంకు. టేంకు పక్కన క్రీము రంగు ఇల్లు, గుమ్మానికి మామిడాకులు. ఇంకేటి గావాల మనిషికి?

గేటు కాడ దిగాను. రొప్పు. "అమ్మా, సారె" అన్నాను, అంతే వొచ్చింది నోట్లోంచి. సాలూరునుంచి అందామంటే ఊపిరి అందనేదు. ఈలోగా ఆ ఇంటావిడ, గున్నమ్మంట పేరు, వీధి మొత్తానికీ వినిపించేలాగ "మా కోడలి పుట్టింటోళ్ళు సారె పంపించారర్రా" అని కేకేసింది.

పెళ్ళిలో వియ్యపురాల్ని సూడనేదా అని నిన్న మీ అన్న అరిశాడు. సూశాను బాబూ. పట్టుసీర, మొహంనిండా పసుపు, తలనిండా పూలు. ఇక్కడేమో నైటీమీద తువ్వాలేసుకుని నిలబడింది. ఎవులు ఎవులో ఎలాగ పోల్చమంటావు?

ఆళ్ళు అడగొచ్చు గదా అంటావు. సారె తెచ్చినోడిని పేరడుగుతారటే? కాళ్ళకి నీళ్ళిస్తారు, కూకోబెడతారు, అన్నం పెడతారు. నువ్వెవరివి అనడిగితే పుట్టింటోళ్ళని గుమ్మంలోనే అవమానం సేసినట్టు. మీ అమ్మ మనింటికి సారె పంపించిన్నాడు మా అమ్మ అడిగిందా? ఆ తెచ్చినోడెవడో మనకి ఈరోజుక్కూడా తెల్దు. శుభ్రంగా తిని ఎల్లాడు.

నేను కంచం ముందు కూకునీసరికి డబ్బాల మూతలు తీసీసారు. ఈ గుమ్మానికీ ఆ గుమ్మానికీ పంచీసారు. పప్పు, గుమ్మడికాయ పులుసు, అప్పడం. తినీసి సెయ్యి కడుక్కున్నాక, అర్చన ఏదమ్మా అనడిగాను. అర్చనెవరు అన్నారు. అప్పుడు తెలిసింది. అప్పటికి డబ్బాలు ఖాళీ. అదీ సంగతి.

అక్కడ పక్క లేఅవుట్లో, ఇంకో టేంకు కాడ, అర్చన అత్తగారు వీధంతా పిలుచుకుని కూకుందంట. పొద్దుగూకిందాకా సూసి లోపలికెల్లి తలుపేసీసిందంట. మన పిల్ల ఏడిసిందంట. అదొక్కటీ తలుచుకుంటే నాకూ ముద్ద దిగడం నేదు, నిజంగా. నువ్వు తిట్టు, పడతాను. మీ అన్న మాత్రం సాలూరు లారీ స్టేండంతా నాకు "సారె మింగిన బావ" అని పేరెట్టీసాడు. ఒక్క కాజా తిన్నానే నేను. బలవంతంగా ఏసారు.

ఉండు, ఫోను. మీ అన్నే.

ఆఁ, సెప్పు బావా. మళ్ళీ సారె తెచ్చావా, మంచిది. లారీలోనే? ఆర్చీ కింద దూరటం నేదా? ఎనక్కి తియ్యి మరి. టైరు దిగడిపోయిందా? అయ్యయ్యో. బుట్ట నెత్తినెట్టుకుని నడిసెల్లిపో బావా, ఎంత దూరం. ఆఁ? తెల్లబట్టలా? అవుననుకో. నన్నా? సైకిలు పట్టుకునా? అమ్మీసీమన్నావు గదా నిన్న? సరే సరే, అరవకు. పంచరు అయిపోయింది, గాలి కొట్టుకుని బేగి వొచ్చీస్తాను.

విన్నావా? ఆరు సక్రాల లారీ లేఅవుటు గుమ్మంలో ఇరుక్కుపోనాది. నా సైకిలు గావాలంట. నవ్వొస్తే నవ్వే, కొంగు అడ్డమెట్టుకోడమెందుకు. నేను సూడనేదనుకో.

ఆ పంపు ఇలాగియ్యి.

నువ్వు నవ్వీసావు గాబట్టి ఒకటి సెప్తాను రాజకుమారీ. ఇందాక సెప్పిందంతా నిజమే, సివర తప్ప. సెయ్యి కడుక్కున్నాక తెలిసిందన్నాను గదా, అది కాదు. అర్చన ఏదని నేను ఆ ఇంట్లో ఎవుల్నీ అడగనేదు.

కంచం ముందు కూకున్నప్పుడే తెలిసింది. నెయ్యెయ్యడానికి కోడలొచ్చింది. నీలవేణంట. మన అర్చన కాదు. డబ్బాలు అప్పటికి మూత కట్టే ఉన్నాయి. నేను నోరు తెరిశాను. ఆ గుంట వొంగి, పైకి "మావయ్యా, ఇంకొంచెం నెయ్యి" అంటా, గుసగుసగా ఏటందో తెలుసా? "మీరెవులో నాకు తెల్దు. ఈ ఒక్కపూటకి మా మావయ్యయి ఉండిపోండి."

ఆ పిల్లకి తల్లి నేదే. తండ్రి ఇంకో ఇల్లు సూసుకున్నాడు, కబురు కూడా అడగడంట. శ్రావణం మొదలైన కాణ్ణించి కుళాయి కాడ ఆ గున్నమ్మ, అందరి కోడళ్ళకీ సారె వొచ్చింది, మా కోడలికి దిక్కెవరో అంటందంట. ఇదంతా తరవాత, నేను తిని లేచాక, సేతికి నీళ్ళు పోస్తా సెప్పింది.

ముందు ఆ గుసగుస విన్నప్పుడు నేనేటి సెయ్యాల? ఇది ఈ పిల్లది కాదర్రా అని వీధి మధ్యలో డబ్బాలు మళ్ళీ సైకిలుకి కట్టుకోనా? నువ్వయితే కట్టుకుందువా? నేను అన్నం కలిపీసుకున్నాను. ఎనకాల మూతలు తీస్తన్న సప్పుడు వినిపిస్తంది. తలెత్తనేదు. పులుసు బాగుందమ్మా అన్నాను.

తప్పే. మన పిల్లని ఏడిపించాను. ఆళ్ళ పిల్లని నవ్వించాను. ఏ తరాజులో ఏసి సూసుకున్నా నాకు తేలటం నేదు.

మీ అన్నకి సెప్పకు. "సారె మింగిన బావ" అనే ఉండనీ.

ఆ మేకుకున్న కొరియర్ సంచీ తియ్యి. అడుగున సూడు. సీర. సారె తెచ్చినోడిని ఉత్తి సేతుల్తో పంపకూడదు గదా, "మేనత్తగారికి ఇయ్యండి" అని గున్నమ్మ పసుపూ కుంకమా ఎట్టి ఇచ్చింది. సెప్పడానికి మొహం సెల్లక నిన్నట్నుంచీ దాశాను. చిలకాకుపచ్చ నీకు నప్పుతాది. మడత విప్పి సూడు, పరవానేదు.

దసరాకి ఇద్దరూ కలిసి రావాలంది. ఆ పిల్ల గేటు దాకా వొచ్చింది, సైకిలు బెల్లు ఓసారి తనే కొట్టి సూసుకుంది.

ఇదిగో, గాలి పట్టీసింది. మీ అన్న బురదలో తెల్లబట్టల్తో నిలబడుంటాడు, ఎల్లాల. వొచ్చాక ఇదే సైకిలు అమ్మీమను, అమ్మీస్తాను. సాలూరు కుర్సీలో కూకుంటాను. మరి దసరానాడు ఆ గుంట గేటు కాడ నిలబడి బెల్లు వినపడతాదేమోనని సూస్తంటాది. ఎవుల్ని పంపిస్తావు?