జడ కూడా బరువేగా

బడికి వేళవుతోంది. తల్లి కూతురి తల దువ్వుతోంది.

"అమ్మా, నా జుట్టు కత్తిరించెయ్యవా?"

"పొద్దున్నే ఇదేం కోరికే?"

"ఇవాళ బళ్ళో బరువు చూస్తారు. జడ కూడా బరువేగా!"

"నీ జడకి అంత బరువే ఉంటే, నేను పెట్టిన నూనె దండగ కాలేదని సంతోషిస్తా. కదలకు."

"నవ్వకమ్మా. డ్రిల్లు సారు అంకె అందరికీ వినబడేలా చదువుతారు. ఎక్కువొస్తే ఇంటికి చీటీ పంపుతారు."

"పంపనీ. పొట్లం కట్టుకోవడానికైనా పనికొస్తుంది. ముందు ఈ పాలు తాగు."

"వద్దు. నిన్నట్నుంచి నీళ్ళు కూడా తాగట్లేదు."

"మరి నిన్న నీ డబ్బా ఖాళీగానే వచ్చిందే?"

"గేటు దగ్గర కుక్కకి పెట్టేశా. వారం నుంచీ దానికే పెడుతున్నా. అది బాగా లావైంది. దాన్నెవరూ తూచరుగా."

దువ్వెన ఆగిపోయింది.

"ఏదీ, ఇటు తిరుగు. అయ్యో, చెయ్యి పుల్లలా అయిపోయిందేమిటే తల్లీ! రోజూ జడ వేస్తూ కూడా చూసుకోలేదే నేను!"

"కోప్పడకమ్మా."

"కోపం కాదే, భయం. ఇవాళ నువ్వు బడికెళ్ళొద్దు. నేనే వెళ్తా. కావాలంటే ఆ మిషను నేనెక్కి, నా అంకె చదవమంటా."

"అందరి ముందరా?"

"అందరి ముందరే."

"అయితే గాజులు తీసేసి వెళ్ళమ్మా. అవి కూడా తూగుతాయి."