గ్యాలరీలో దగ్గు

కాదు మేడం, మీరే చెప్పుండ్రి, దగ్గొచ్చిన మనిషిని మార్షల్స్‌ను పెట్టి బయటికి పంపుతరా ఎక్కడన్న? అదీ కట్టుకున్న మొగన్ని? మీ క్లాసుల జరిగింది ఉత్తుత్తి పార్లమెంటే కావచ్చు. గని నా ఇజ్జత్ ఉత్తుత్తిది కాదు గద.

కూసుంట, కూసుంట. చాయ్ వద్దు మేడం, తార్నాక మెట్రో కింద తాగే వచ్చిన. తాగిన అనేదేంది, సగంల లేచిన. హోటల్ల ఎవడో దగ్గిండు. నిజంగ దగ్గిండో, నన్ను సూసి దగ్గిండో తెల్వది. పక్క టేబులోడు గూడ దగ్గిండు. ఇగ అందరు నవ్వుడే. రామంతాపూర్ల నన్ను శశన్న అని పిలిచేటోళ్ళు. నన్ను బయటికి తోలిన ఆ వీడియో ఫోన్లల్ల వచ్చిన కాడికెళ్ళి దగ్గన్న అంటున్నరు.

వీడియో ఎవరు పెట్టిన్రో మీకు తెల్వదంటరు. సరే, నమ్ముత. మీరు కర్నూలు మనుషులు, ఉన్నదున్నట్టు చెప్తరని మా ఇంటామె స్వర్ణ అంటది. ఇంట్ల రోజు మీ ముచ్చటనే. మా సుధామయి మేడం ఇట్లన్నది, మా సుధామయి మేడం అట్లన్నది. పప్పుల ఉప్పు ఎక్కువైందన్నా మీ మాటే చెప్తది.

అసలు ఆమెను మీ యూనివర్సిటీల ఆడోళ్ళ రాజకీయ శిక్షణకు తోలిందెవరు మేడం? నేనే గద. మన అసెంబ్లీ సీటు లేడీస్‌కు పోతదని ఒక్కటే పుకారు. ఆడోళ్ళ రిజర్వేషన్ చట్టమైతే అయ్యింది, ఎప్పుడు అమలైతదో, ఏ సీటుకు తగుల్తదో ఢిల్లీలోళ్ళకే తెల్వాలె. గని మా పార్టీల అప్పుడే పేర్లు ఏరుతున్నరు. ఇరవై ఏండ్ల సంది జెండాలు మోసిన, మైకులు కట్టిన, పోస్టర్లు అంటించి అంటించి చేతులకు మైదపిండి వాసన పోలే. తీరా నా వంతొచ్చే టైంకు లేడీస్ అన్నరు.

ఏం జెయ్యాలె? ఇంట్ల స్వర్ణ ఉన్నది. డిగ్రీ చదివింది, నల్లకుంట బడిల లెక్కలు చెప్తది. పేరు ఆమెది, పని నాది. అందరు జేస్తున్నదే గద. మీ కాడికి పోయి ఒక సర్టిఫికెట్ తెస్తె పార్టీల చూపిద్దమనుకున్న. గంతే. నేర్చుకొమ్మని పంపలే మేడం.

మొగోళ్ళను లోపలికి రానియ్యమని మీరు మొదటి ఆదివారమే చెప్పిన్రు. సరే అన్నం. మేం ఆరేడుగురం భర్తలం క్యాంటీన్ ముంగట చెట్ల కింద కూసునేది. ఆడోళ్ళ ఫోన్లు గూడ మీరు గుంజుకోని పెట్టుకుంటిరి. లోపల ఏమైతుందో ఒక్క మెసేజ్ రాకపాయె. పెండ్లాం ఏం మాట్లాడ్తుందో తెల్వకుండ గంటల కొద్ది కూసునుడంటె మాటలు కాదు. ఒకాయన బీపీ గోళీ ఏసుకుండు. గా పరేషాన్ల పుట్టిందే ఈ దగ్గు ఉపాయం.

ఆమె మీకు చెప్పలేదు గద? చెప్పిందా? ఇగ దాచేదేమున్నది మరి. ఆఖరి ఆదివారం పార్లమెంటు నడిపిస్తం, ఇంటోళ్ళు గ్యాలరీల కూసోవచ్చు అన్నరు మీరు. స్వర్ణను స్పీకర్ జేసిన్రని తెల్వంగనే నాకు కడుపు నిండిపాయె. కూసోబెట్టి చెప్పిన. నేను ఒక్కసారి దగ్గితె ఒప్పుకో, రెండుసార్లు దగ్గితె ఒప్పుకోకు. మా దిక్కు లేడీస్ లీడర్లుండే ఇండ్లల్ల నడిచేది గిట్లనే మేడం. ఒకాయన చెవి గోక్కుంటడు, ఒకాయన కండువ సర్దుకుంటడు. నాది దగ్గు. ఆమె ఊఁ అనలే, ఊహూఁ అనలే. ఊకున్నదంటె ఒప్పుకున్నట్టే అనుకున్న. ఎప్పుడు గట్లనే అనుకుంట.

షురువైతె మంచిగనే అయ్యింది. ఆ కుర్చీల కూసుంటె నా పెండ్లామేనా అనిపించింది. కమిటీలు ఏసే పని వచ్చింది. మీ యూనివర్సిటీ పోరగాళ్ళు గూడ సభ్యులాయె, వాళ్ళందరు బడ్జెట్ కమిటీ, రక్షణ కమిటీ అని పేర్లు రాసిచ్చిన్రు. ఆడోళ్ళకు స్త్రీ శిశు సంక్షేమం పెట్టిన్రు. అది రివాజు గద, ఏడనైన గంతే. ఒక్కసారి దగ్గిన. కానియ్యి అని.

ఆమె ఆ కాయితం పక్కకు పెట్టింది మేడం. బడ్జెట్ కమిటీల సగం ఆడోళ్ళుండాలె అన్నది. స్త్రీ శిశు సంక్షేమంల సగం మొగోళ్ళు కూసోవాలె అన్నది. అభిషేక్ అని ఒక పిల్లగాడు లేచి, మేం ఆ కమిటీల కూసోని ఏం జేస్తం మేడం అన్నడు. పిల్లలు మా ఒక్కళ్ళకే పుడ్తున్నరా అని అడిగింది. హాలంత నవ్వింది, ఆ పిల్లగాడు గూడ నవ్విండు. నేనొక్కన్నే నవ్వలే.

ఆడికన్న ఆగిందా? సభ ఆరింటికి ముగియాలె, ఆడోళ్ళు ఇండ్లకు పోయినంక ఏ గెస్ట్‌హౌజ్‌లనో కూసోని చేసిన నిర్ణయం చెల్లది అన్నది. ఇగ చూడుండ్రి. పార్టీల అసలు పని అయ్యేదే గాడ. సభల చేతులు లేపుడే, ఎవరికి ఏం దొరకాలె అనేది గెస్ట్‌హౌజ్‌ల అన్నం తిన్నంక తేల్తది. ఆ గదిల మూలకు ఒక కుర్చీ దొరకనీకే నాకు ఇన్నేండ్లు పట్టింది. నాకొచ్చిన విద్య గదొక్కటే. ఆమె ఒక్క మాటతోని దాన్ని చెల్లదన్నది.

రెండుసార్లు దగ్గిన. సూడలే. మల్ల దగ్గిన. సూడలే. ఇగ ఎన్నిసార్లు దగ్గిన్నో నాకే యాది లేదు. లేచి నిలబడి, స్వర్ణా, గట్ల కాదు అని అన్నది గూడ నిజమే. ఒప్పుకుంటున్న.

అప్పుడు సూసింది. బడిల ఎనుక బెంచి పిల్లగాన్ని సూసినట్టు సూసింది. గ్యాలరీల ఉన్న పెద్దమనిషికి పాణం బాగలేనట్టున్నది, మార్షల్స్, బయటికి తోల్కపోయి మంచినీళ్ళు తాపుండ్రి అన్నది. మీ స్టూడెంటు షారోన్ లేదా, ఆ గుంటూరు పిల్ల, భుజానికి మార్షల్ పట్టీ ఏసుకోని వచ్చి, రండి బాబాయ్ గారూ అని చెయ్యి పట్టుకున్నది. మర్యాదగనే పట్టుకున్నది. గదే నా మంట. కొట్లాడనీకి గూడ లేకపాయె.

ఇంటికి పోయినంక అడిగిన. మొగన్నని గూడ సూడవా అన్న. ఆ కుర్చీల కూసున్నంక గ్యాలరీల మొగడుండడు, జనం ఉంటరు అన్నది. అని చపాతీ పిండి కలుపుకుంట కూసున్నది. గా మాట మీరు నేర్పిందేనా? కాదా? మరి ఎవరు నేర్పిన్రు? ఆమె సొంతమేనంటరా.

లొల్లి పెట్టనీకి రాలే మేడం నేను. ఒక పని మీద వచ్చిన.

నిన్న పార్టీ ఇంచార్జి ఫోన్ జేసిండు. వీడియో సూసిండంట. నాకే జేసిండు, ఆయన కాడ నా నంబరే ఉంటది గద. చెప్పుండ్రి అన్నా అన్న. స్వర్ణమ్మకు ఇయ్యి అన్నడు. నాకు చెప్పుండ్రి, నేను చెప్త అన్న. ఆమెకే ఇయ్యవయ్య అని కసురుకున్నడు. ఇన్నేండ్లల్ల నాతోని ఎన్నడు నిలబడి మాట్లాడని మనిషి, ఆమెతోని మస్తు సేపు మాట్లాడిండు. ఆమె, వస్త సార్ అని ఫోన్ నా చేతిల పెట్టింది. రేపు పార్టీ ఆఫీసుల ఇంటర్వ్యూ అంట. టికెట్ గురించే. ఒక్కదాన్నే రమ్మన్నరంట.

మీ మాట వింటది మేడం. జర చెప్పుండ్రి. లోపల ఏమడిగినా, మా ఆయన్ని అడిగి చెప్త అని ఒక్క మాట అంటె చాలు. నేను మోసిన జెండాలకు గా ఒక్క మాట చాలు.

చెప్పరా? ఆమె నోటితోని అబద్ధం చెప్పియ్యాల్నా అంటరా? సరే. నాకు గూడ దారి ఉన్నది. మా అక్క లచ్చవ్వ ఉన్నది. చిన్నప్పటి సంది నా మాట జవదాటదు. ఆమె పేరే ఇస్త పార్టీకి. నేనేది రాసిస్తె గదే చదువుతది. స్వర్ణకు అప్పుడు తెలుస్తది.

ఏంది మేడం? మా అక్కనా? మీ కాడికా? వచ్చే బ్యాచికి పేరిచ్చిందా? నాకు ఒక్క ముక్క చెప్పలే. ఆమెకెవరు చెప్పిన్రు... స్వర్ణనే తోల్కొచ్చిందా.

మంచిది. ఇగ నా మాట వినేటోళ్ళు మా ఇంట్ల ఎవరు మిగల్లే.

ఒకటి చెప్త మేడం, ఎవరితోని అనకుండ్రి. ఆ పొద్దు షారోన్ నన్ను బయట వదిలిపెట్టినంక నేను పోలే. కిటికి పక్కపొంటి నిలబడి మొత్తం విన్న. మంచిగ మాట్లాడింది. ఎంతమంది లీడర్లకు మైకులు కట్టిన, ఒక్కడు గూడ గట్ల మాట్లాడంగ నేను వినలే. విన్నకొద్ది నాకు కడుపుల మంట లేచింది. గంత మంచిగ మాట్లాడుకుంట ఒక్కసారన్న నేనెటు పోయిన్నో అని కిటికి దిక్కు సూస్తదని ఆగిన. సూడలే. ఆ సభల నేను యాదికే లేను.

రేపు గూడ గదే భయం. నన్ను తిడ్తదని కాదు. తిడితె తిట్టనీ, తిడితె నేనున్నట్టే గద. లోపల గంటసేపు రాజకీయం మాట్లాడి, నా పేరు ఒక్కసారి గూడ తియ్యకుండ బయటికొస్తె?

ఏం జేస్త. ఆఫీసు బయట ఆగి, ఆమె రాంగనే బండి స్టార్ట్ జేసి, ఎట్లయింది అని అడుగుత. చెప్తె వింట.