రాజకుమారి ఎవరు?

సింగపూర్, రెండువేల సంవత్సరం. చోవా చూ కాంగ్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. ఆదివారం పొద్దున్న, వాషింగ్ మెషిన్ దగ్గర అరుంధతి, ఆమె భర్త పార్థసారథి.

"ఆఫీసు కాయితమైతే చొక్కా జేబులో అంత చిన్నగా మడిచి ఎందుకు పెట్టారు? రాజకుమారి ఎవరండీ?"

"ఎవరో... ఆఫీసు తాలూకు. ఇలా ఇయ్యి."

"ఇవ్వను. సైన్స్ పార్క్‌లో మీ ఆఫీసు మొత్తానికి పదకొండు మంది. అందరూ ఈ ఇంట్లో పులిహోర తిన్నవాళ్ళే. అందులో రాజకుమారి లేదు."

"క్లయింటు."

"క్లయింటా! 'మంగళవారం ఆరున్నర. మొదటిరోజు ఏమీ మాట్లాడక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు.' ఇది మీ చేతిరాత కాదూ? ఏ క్లయింటండీ, మాట్లాడకుండా ఊరికే కూర్చునేది?"

"ముందు ఆ బట్టలు వెయ్యి. తర్వాత చెప్తాను."

"అన్నీ తర్వాతే. నేను ఫోన్ చేశాను."

"ఎవరికి?"

"ఆవిడకే. ఈ నంబరుకే."

"అయ్యో... ఏమంది? ఏం చెప్పింది నీకు?"

"చూశారా, ఎంత కంగారో! ఏమీ చెప్పలేదు. ఎవరండీ అంటే 'రాజకుమారిని, చెప్పండమ్మా' అంది. ఎంత మెత్తటి గొంతు! ఒళ్ళు మండిపోయి పెట్టేశాను."

"అరుంధతీ, నువ్వనుకుంటున్నది కాదు."

"గురువారం మీటింగుకి వస్తుందా ఆవిడ?"

"అక్కడికి ఎవరొస్తారో బయట చెప్పకూడదు. నీకు తెలుసుగా."

"నాకు చెప్పకూడదు! ఆ మీటింగు వెతికిందెవరు? డైరెక్టరీ ముందేసుకుని పదిచోట్లకి ఫోన్లు చేసిందెవరు? మందు మానేవాళ్ళు ఎక్కడ కలుస్తారండీ అని, నా వచ్చీరాని ఇంగ్లీషులో..."

"నువ్వే. నేను కాదన్నానా?"

"చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆ చర్చి మెట్ల మీద గంటన్నర కూర్చున్నాను. మీరు లోపలికెళ్ళారు. ఏడు నెలలైంది, నేనింకా బయటే ఉన్నాను."

"ఏడు నెలలుగా చుక్క ముట్టలేదు. అది చాలదా?"

"ఎందుకు చాలదు? ఆర్నెల్లకి అందరూ చప్పట్లు కొట్టారటగా. మీ మేనేజరుకి జ్వరమని అబద్ధాలాడింది నేను. మీ వాంతులు కడిగింది నేను. నాకెవరూ కొట్టలేదు."

"కొట్టాలి. నిజమే."

"మెత్తగా మాట్లాడకండి, ఇంకా మండుతుంది. మొన్న సోమవారం బాత్రూంలో తలుపేసుకుని, ఆ మీటింగులో పరిచయమైన యాకూబ్‌తో గంటసేపు ఫోను! ఏం మాట్లాడారు?"

"ఏదో... మామూలే."

"మామూలు మాటలకి గొళ్ళెం ఎందుకు? షిప్‌యార్డ్‌లో వెల్డింగ్ చేసొచ్చిన మనిషి, అన్నం తిన్నాడో లేదోనని మీకు బెంగ. 'తిన్నావా భాయ్, తిన్నావా భాయ్.' నేను తిన్నానా అని అడిగి ఎన్నాళ్ళయింది?"

"యాకూబ్ లేకపోతే నేను..."

"ఆపండి! కుళ్ళు నాకు. అవును, కుళ్ళే. అతని మీద, ఆ గది మీద, ఆ గదిలో కుర్చీల మీద కూడా. ఇప్పుడు వీటికి తోడు రాజకుమారి!"

"ఆవిడ నాకోసం కాదు."

"మరి?"

"ఆ కాయితం ఇయ్యి, చెప్తాను."

"ముందు చెప్పండి."

"నీకోసం."

"నాకోసమా?"

"మంగళవారాలు ఆడవాళ్ళ మీటింగు ఉంది. మనకి బస్సులో రెండు స్టాపులు. ఆ మీటింగు రాజకుమారిగారు నడుపుతారు. తెలుగావిడే. యాకూబ్ నలుగురిని అడిగి నంబరు పట్టుకున్నాడు."

"ఆడవాళ్ళ మీటింగంటే... మీలాంటివాళ్ళ పెళ్ళాలదా?"

"కాదు."

"మరెవరిది?"

"తాగే ఆడవాళ్ళది. కోప్పడకు. సోమవారం బియ్యం డబ్బా వెనక చూశాను."

"చూశారా?"

"విస్కీ సీసా. సీలు కూడా తియ్యలేదు. పాతది ఖాళీ అయ్యేలోపు కొత్తది అక్కడ పెట్టుకోవడం నాకు అలవాటేగా. చూడగానే అర్థమైపోయింది."

"ముట్టుకున్నారా?"

"లేదు. బాత్రూంలోకెళ్ళి గొళ్ళెం పెట్టుకుని యాకూబ్‌కి చేశాను. ఆ గంటా నీ గురించే."

"నా గురించా?"

"పన్నెండేళ్ళు నాతో పడ్డావు. ఆ అలవాటు నీకూ అంటిందంటే అది నావల్లే. ఎలా అడగాలో తెలీక ఆరు రోజులుగా ఆ కాయితం జేబులో పెట్టుకు తిరుగుతున్నా."

"నాది కాదది."

"నేనూ మొదట్లో అలాగే అన్నాను. అందరూ అలాగే అంటారు. సిగ్గుపడకు, అరుంధతీ."

"నిజంగా నాది కాదండీ! నేను వాసన కూడా చూడను."

"మరి ఎవరు కొన్నారు? ఇంట్లో ఉన్నది మనిద్దరమే."

"నేనే కొన్నాను."

"కొన్నావు, తాగలేదు. మరి అక్కడెందుకు పెట్టావు?"

"మీరు అక్కడే వెతుకుతారుగా."

"నాకోసం పెట్టావా? ఏడు నెలల తర్వాత... ఎందుకు? ఏడవకు, చెప్పు. ఎందుకు పెట్టావు?"

"తాగినప్పుడు... నాతోనే మాట్లాడేవారు."