నెహెమ్యన్న నాతో కూర్పించిన మెసేజు

ఏంది నయనా, తాతా తాతా అని ఆ ఫోను నా మొగానికి ఆనిచ్చి పెడ్తాండావు? అద్దాలు లేకుండా నాకేం కనపడ్తుంది. నువ్వే చదువు. ఊఁ... ఊఁ... ఎవురు పంపినారు? గ్రూపులో వచ్చిందా. ఆ గ్రూపులో మొదట వేసినోళ్లు ఎవురు? తెలీదా. సరే, తెలీదంటే తెలీదు, దాంట్లో తప్పేం లేదు. గాని నువ్వు దాన్ని ఇంకెవురికన్నా పంపినావా? అదీ సంగతి. తిట్టను లే, ఎందుకట్ల తల వంచుకొంటావు. తిట్టల్లంటే నాకు మొగం ఉండల్ల కదా. కూచో ఇట్ల, ఫ్యాను గాలి తగిలే తావున. నీకు నెహెమ్యన్న గుర్తుండడు. యాడుంటాడు, ఆయప్ప పోయినప్పుడు నువ్వు మీ అమ్మ చంకలో ఉన్న పిల్లవి.

అప్పుడు ఇనుపమన్ను మైనింగు రోజులు. ఈ కూరెకుప్ప రోడ్డు మీద లారీలు ఎట్ల పోతాండె అనుకొన్నావు, ముందరి లారీ వెనక్కి ఎనక లారీ ముక్కు తగుల్తాండె. రోడ్డు దాటల్లంటే అర్ధగంట. బస్టాండు పక్కన నాది హోటలు. హోటలంటే ఏముంది, రెండు బెంచీలు, ఒక పొయ్యి, పైన రేకులు. ఇడ్లీ మీద మూత తీస్తే చాలు, ఎర్రధూళు. తెల్లపంచె కట్టుకొని పొద్దున వచ్చినోడు సాయంత్రానికి సన్యాసి మాదిరి ఇంటికి పోతాండె. ఊరంతా అదే రంగు, కుక్కలు గూడా. మీ అవ్వ బట్టలు పిండి పిండి యేడుస్తాండె, అది వేరే కత, ఇప్పుడొద్దు. ఏం చెప్తాంటిని? ఆఁ, నెహెమ్యన్న.

ఆయప్ప మిషన్ వాళ్లు, తాతల కాలం నుంచి గుడికి, అదే చర్చికి, పోయేవాళ్లు. బళ్లారిలో ఒక ప్రెస్సులో ముప్పై ఏండ్లు అక్షరాలు కూర్చినాడు. ఇప్పట్ల మాదిరి కంప్యూటర్ కాదు పాపా. సీసం అక్షరాలు, ఒక్కొక్కటి అరలో నుంచి ఏరి, తలకిందులుగా పేర్చల్ల. కన్నడ, తెలుగు రెండూ కూర్చేవాడు. కంప్యూటర్లు వచ్చినాక పని పోయె, ఈడికొచ్చి సొంత ఇంట్లో ఉండె. పెండ్లాం ముందే పోయింది. ఒకటే కూతురు గ్లోరియా, గుంతకల్లులో నర్సు. పొద్దున ఏడుకంతా నా హోటల్లో హాజరు. పేపరు తీసుకొని గట్టిగా చదువుతాంటే డ్రైవర్లు, క్లీనర్లు, కూలికి పోయేవాళ్లు అందరూ సుమ్మనె నిలబడి వింటాండ్రి. నేను ఎదురుగా కూచోని పేపరు నా పక్కకు తిప్పుకొన్నా, ఆయప్ప అటుపక్క నుంచే తలకిందుల అక్షరాలు గడగడా చదివేవాడు. నేను వేళ్లు అడ్డం పెట్టి పరీక్ష చేస్తాంటి, నవ్వేవాడు.

ఒకసారి పేపర్లో ఒక పేజీ నిండా ఒకే సుద్ది, ఒకే వార్త. ఇంకో ఫ్యాక్టరీ వస్తాదంట, ఇంటికొక ఉద్యోగమంట, పెద్ద ఫోటో, పెద్ద పెద్ద అక్షరాలు. మావాళ్లంతా కుశాల్. కిరాణా అంగడి కెంచప్ప అయితే, "నా కొడుక్కి ప్యాంటు కుట్టిచ్చల్లప్పో" అని లేచి నిలబడె. నెహెమ్యన్న వాన్ని పిలిచి, "కెంచప్పా, ఈ మూలకు చూడు, చీమంత అక్షరం. చదువు" అనె. కెంచప్ప కండ్లు చిన్నవి చేసి, "జా... హీ... రా... తు" అని చదివె. "హౌదు. ఇది పేపరోళ్లు విచారించి రాసింది కాదు, వాళ్లే దుడ్డిచ్చి వేయించుకొన్న జాహీరాతు. సుద్ది మాదిరి కనపడల్లని అట్ల కూర్చినారు. నేను ఎన్ని కూర్చలేదు" అనె. కెంచప్పకు కోపమొచ్చె. "ముసలోనికి మనం బాగుపడేది ఇష్టం లేదు" అని వారం దినాలు మాట్లాడలేదు. మా ఊర్లో ఆయప్పకు మర్యాద ఎంత ఉండెనో, ఆయప్ప మీద మంట గూడా అంతే ఉండె, అది నిజం చెప్పల్ల.

ఆ కాలంలోనే అందరికీ ఫోన్లు వచ్చె. నీది మాదిరి కాదు, గుండీల ఫోను. నేనూ ఒకటి తీసుకొంటి. నెహెమ్యన్నకు గ్లోరియా కొనిచ్చె. మెసేజ్ వస్తే చాలు నాకు పెండ్లి పత్రిక వచ్చినంత సంతోషం. ఒక దినం మధ్యాన్నం మెసేజ్ వచ్చె, ఇంగ్లీషు అక్షరాల్లో కన్నడ. రెండు వ్యాన్లలో పిల్లల దొంగలు వచ్చినారు, ఆడవాళ్లు గోనెసంచులు పట్టుకొని తిరుగుతాండారు, నిన్న కూరెకుప్ప స్కూలు వెనకాల ఒక పిల్లను ఎత్తుకపోయినారు, పోలీసులు చెప్పినారు, అందరికీ పంపండి. అందరికీ పంపండి అన్నారు కదా, నేను పంపితి. ఫోన్లో ఎన్ని నంబర్లుంటే అన్నిటికీ. హోటలుకు వచ్చినోళ్లకు నోటితో గూడా చెప్తి. మంచి పనే చేస్తాండా అనుకొంటి పాపా, దేవుని తోడు. పిల్లల సంగతి కదా.

రెండోదినం పదకొండు గంటలప్పుడు రోడ్డు మీద గలాటె. పోయి చూస్తే జనం. నడుమ ఒక ఆడమనిషి, కింద పడిండాది, జుట్టు ఊడిపోయి, నుదుటి నుంచి నెత్తురు. పక్కన గోనెసంచి, పొరక. మూడేండ్ల పిల్ల ఒకటి గుక్కపట్టి యేడుస్తాండాది. ఆయమ్మ పేరు మారెక్క అని మాకు తర్వాత తెలిసె. రూపనగుడి ఆమె. లారీల నుంచి రోడ్డు మీద రాలిన ఎర్రమన్ను ఊడ్చి సంచికి నింపుకొని అమ్ముకొనేవాళ్లు కదా అప్పుడు, ఆ పనికి మనమరాల్ని చంకనేసుకొని కొత్తగా వచ్చిండె. ఎండకు పిల్ల యేడ్చింది. సంచి ఉండాది, పిల్ల యేడుస్తాంది, ఆడమనిషి ఊరికి కొత్త. ఇంకేం కావల్ల. "మెసేజ్‌లో చెప్పింది ఈమెనే!" అని కెంచప్ప జుట్టు పట్టినాడంట. "కట్టేయండ్రా కంబానికి" అని ఎవురో అరిచిరి. తాడు ఎవురు తెచ్చిచ్చినారు అనుకొన్నావు?

నేనే. హోటల్లో బాన కట్టే తాడు.

అట్ల చూడొద్దు నన్ను. చెప్పనీ. నెహెమ్యన్న వచ్చె. బక్కమనిషి, ఊదితే పోతాడు. వచ్చి జనంలో దూరి మారెక్క పక్కన ఆ మన్నులో బాసిపట్లు వేసుకొని కూచొనె. పిల్లను ఒళ్లోకి తీసుకొనె. ఇప్పుడు కొట్టల్లంటే ఆయప్పకు గూడా తగుల్తాది. "నీళ్లు తీసకరా దురుగప్పా" అనె. నాకు చేతిలో తాడు. తాడు కింద వేసి నీళ్లు తెస్తి. మారెక్క ఒక్క మాటే అంటాండె, "నా కూతురి బిడ్డ సామీ, నా కూతురి బిడ్డ." నెహెమ్యన్న తలెత్తి, "నిన్న స్కూలు వెనకాల పోయిన పిల్ల ఎవురింటి పిల్ల?" అని అడిగె. "మన ఊరు ఎంతుండాదప్పా, ఏ ఇంట్లో పిల్ల లేదు, పేరు చెప్పండి" అనె. ఒకని మొగం ఒకడు చూసుకొంటిమి. కెంచప్ప మాత్రం, "మెసేజ్ వచ్చిండాది కదా, పోలీసులే చెప్పినారంట" అని ఎగిరె. అప్పుడు ఆయప్ప జేబులో నుంచి ఫోను తీసె. "మొన్న గ్లోరియా గుంతకల్లు నుంచి పంపింది ఇది, భయపడి. కెంచప్పా, నీ ఫోన్లోది తెరిచి పక్కన పెట్టు." పెట్టినాడు. అవే రెండు వ్యాన్లు, అవే గోనెసంచులు. ఊరి పేరు ఒకటే వేరే, దాంట్లో గుంతకల్లు స్కూలు, దీంట్లో కూరెకుప్ప స్కూలు. "ఇంకోటి చూడు. పోలీస్ అనే మాటలో ఒక అక్షరం ఎగిరిపోయిండాది. రెండిట్లోనూ అదే తావున ఎగిరిపోయింది. ఎవురో ఒకడు ఒకసారి కూర్చినాడు, ఊరు మార్చి మార్చి తిప్పుతాండారు. ముప్పై ఏండ్లు ఇదే పని చేసినా, నాకు తెలీదా?" అనె. అంతే, వెనకున్నోళ్లు మెల్లగా జారుకొన్యారు. పోలీసులు వచ్చిరి, రూపనగుడికి ఫోన్ చేసిరి, మధ్యాన్నం బస్సుకు పిల్ల తల్లి పరిగెత్తుకొని వచ్చె. ఆ బిడ్డ వాళ్లమ్మ కొంగు పట్టుకొని ఒకటే వణుకు. మారెక్క నుదుటికి ఆరు కుట్లు పడె.

"కెంచప్పా, నీకు ఎవురు పంపినారు?" అని ఎస్సై అడిగినాడు కదా, కెంచప్ప నా పక్క చూపిచ్చె. నాకు నేల చీలితే బాగుండు అనిపిచ్చె. నెహెమ్యన్న సాయంత్రం హోటలుకొచ్చి నా పక్కన కూచొని, "ఫోను తియ్" అనె. "ఎవురెవురికి పంపితివో వాళ్లందరికీ ఇంకోటి పంపల్ల." నేను, "అన్నా, నాకు అక్షరాలు కొట్టేకి రాదు, వచ్చిందాన్ని పంపేది ఒకటే తెలుసు" అంటి. "అదేనప్పా కష్టం, పంపేది సులభం. రా, నేర్పిస్తా" అని నా బొటనవేలు పట్టుకొనె. ఆయప్ప వేలి కొసలు సీసం అక్షరాలు ఏరి ఏరి కాయలు కట్టి, గట్టిగా. గుండీ ఒకసారి ఒత్తితే ఒక అక్షరం, మూడుసార్లు ఒత్తితే ఇంకో అక్షరం. తప్పు పోతాండె, చెరిపి మళ్లా. గంటన్నర పట్టింది. నేను పంపింది సుళ్లు, వట్టి అబద్ధం, చూడకుండా పంపినా, మారెక్కది ఏం తప్పు లేదు, దురుగప్ప. అంతే. "పేరు ఎందుకన్నా కింద?" అంటే, "పేరు లేదనే కదా మొదటిదాన్ని ఎవురూ అడగలేకపోయినారు" అనె. ఊరంతా నవ్వినారు నన్ను. కొందరు హోటలుకు రావడమే మానేసిరి. కేబుల్ టీవీలో ఎవురో పిల్లల దొంగ దొరికింది అని కింద పట్టీలో తిప్పుతాంటే, ఆయప్ప వాళ్ల ఆఫీసు ముందర మూడు దినాలు కూచోని అది తీపిచ్చి, తప్పయింది అని వేయించె. ఎండలో.

ఎందుకన్నా నీకింత పట్టు అని ఒకసారి అడిగినా. అప్పుడు చెప్పె. వయసులో ఉన్నప్పుడు ప్రెస్సులో ఒక కాన్పులు చేసే ఆయమ్మ మీద సుద్ది వచ్చిందంట, మందు తప్పుగా ఇచ్చి బిడ్డను చంపిందని. "చేతికి రాగానే అనుమానం వచ్చె దురుగప్పా, ఆయమ్మ నాకు తెలుసు, మా గుడికి వచ్చేది. గాని నా పని కూర్చేది కదా, అడిగేది కాదు కదా అనుకొంటి. నెల తర్వాత తప్పని తేలె. దిద్దుబాటు గూడా నేనే కూర్చినా, లోపలి పేజీలో, రెండు వరసలు. అప్పటికి ఆమె ఊరు వదిలి పోయిండె. యాడికి పోయిందో ఇప్పటికీ తెలీదు." అట్ల చెప్పి చేతులు చూసుకొనె. అంతకుముందు గాని ఆ తర్వాత గాని నాతో ఆ మాట ఎత్తలేదు.

మైన్లు నిలిపేసిన ఏడు ఆయప్పకు కండ్లు పూర్తిగా పోయె. గ్లోరియా రమ్మనింది, పోలేదు. అప్పుడు నేను రోజూ పొద్దున ఇంటికి పోయి పేపరు చదివేవాన్ని. నాకు చదువు ఏడో క్లాసే, తడుముకొంటా చదువుతాంటే ఓపిగ్గా వినేవాడు. ఒక దినం ఆఖరి పేజీలో సామ్యేలు ఫోటో. కురుగోడు సామ్యేలు, మిషన్ బడిలో ఆయప్ప జతగాడు, ఇద్దరూ ఒకటే పలక మీద రాసినోళ్లు. కింద శ్రద్ధాంజలి అని ఉండాది. నేను మింగేస్తి. వాన సుద్ది చదివి, పేపరు మడిచి, అయిపోయిందన్నా అంటి. "ఆఖరి పేజీ ఇంత చిన్నదయిందా దురుగప్పా?" అనె. నా గొంతులోనే తెలిసిపోయిండాది ఆయప్పకు. "చదువు. నొప్పి నాది, నువ్వు దాచిపెట్టుకొంటే ఎట్ల?" చదివితి. రెండుసార్లు చదివిచ్చుకొనె. కండ్ల నుంచి నీళ్లు కారుతాంటే తుడుచుకోలేదు గూడా. తర్వాత, "ఫోటో ఎట్లుండాది? ముసలోడైపోయినాడా?" అని అడిగె.

ఆ ఫోటోలో మొగమే కనపడదు నయనా, ఇంకు పట్టేసి అంతా నలుపు. "నవ్వుతాండాడన్నా" అంటి. "ఆఁ, వాడు అంతే, మాస్టరు కొట్టినా నవ్వేవాడు" అని ఆయప్ప గూడా నవ్వె. నా చెయ్యి పట్టుకొని చానాసేపు వదల్లేదు. ఆ తర్వాత తొమ్మిది దినాలే ఉన్యాడు. అది సుళ్లని తెలిసే నవ్వినాడా, తెలీక నవ్వినాడా... నేను అడగలేదు. అడిగేకి...

సరే, ఎండ దిగిపాయె. మీ అవ్వ జొన్నరొట్టె కాలుస్తానని పిండి కలిపిండాది, పో, పొయ్యి ముట్టించినాదేమో చూసిరా.