మర్చిపోయిన టవల్

ఫైనల్ జరిగిన మర్నాటి పొద్దున. వలల కొట్టు షట్టరు సగమే ఎత్తి ఉంది. లోపల ఇద్దరే: కొట్టు యజమాని, అతని మేనల్లుడు. నిన్న బీచ్ సాకర్ కప్పు గెలిచిన జాతీయ జట్టుకు ఆ మేనల్లుడే గోల్‌కీపర్.

"ఈ కొట్టు తెరిచిన రోజు నా చేతిలో ఏముందిరా అల్లుడూ? రెండు చెక్క సూదులు, ఒక దారపుండ. అంతే. ఇవాళ పదహారు దేశాలవాళ్ళు వచ్చి నా వలల్లో గోల్స్ వేసి వెళ్ళారు."

"అది కాదు మామయ్యా నేనడిగింది."

"వింటున్నాను. టీ తెప్పించనా?"

"వద్దు. ఆ వలకి చిల్లు ఉందా, లేదా?"

"ఏ వలకి? నాలుగు మైదానాలు, ఎనిమిది వలలు."

"మామయ్యా."

"సరే, నిన్నటిదే అనుకో. రిఫరీ వచ్చి గుప్పెటతో పట్టి లాగి చూశాడు కదా. ఉంటే కనపడదా? కప్పు గెలిచినవాడు ఇంట్లో పడుకుని నిద్రపోవాలి గానీ, పొద్దున్నే కొట్టుకొచ్చి చిల్లులు వెతుకుతాడా?"

"సాయంత్రం ఊరేగింపు ఉంది. ఉత్తమ గోల్‌కీపర్ అని నన్ను వేదిక ఎక్కిస్తారట. చేతికి మైకు కూడా ఇస్తారట. అందుకే ముందు నీ దగ్గరికొచ్చాను."

"ఇస్తే మాట్లాడు. మీ అమ్మ పేరు చెప్పు, కోచ్ పేరు చెప్పు. గుర్తొస్తే నా పేరు కూడా ఒక ముక్క చెప్పు. దిగిపో."

"అవతలి జట్టు పదో నంబరువాడి పేరు?"

"వాడి ఊసెందుకు?"

"వాడు కొట్టిన బంతి లోపలికొచ్చింది కాబట్టి."

"లోపలికెక్కడొచ్చింది? పక్క వలకి బయటినుంచి తగిలింది. రిఫరీతో ఆ మాట అన్నది నువ్వే."

"అడిగాడు. అన్నాను."

"మరింకేం?"

"అన్నాను, అంతే."

"చూడు. మొదటి భాగంలో ఆఖరి కిక్ అది. ఈ ఆటలో ఫ్రీ కిక్‌కి అడ్డం ఎవరూ నిలబడకూడదు, నువ్వూ వాడూ, మధ్యలో ఇసుక. వాడు మడమతో ఇసుక కుప్ప చేసి దాని మీద బంతి పెట్టాడు. కాలు ఊపగానే సగం ఇసుక నీ మొహానే పడి ఉంటుంది. ఆ కళ్ళతో నీకు కనపడిందెంత? తోచింది చెప్పావు. అది అబద్ధాల లెక్కలోకి రాదు."

"వాడికి ఎర్ర కార్డు ఇచ్చారు."

"రిఫరీ చొక్కా పట్టుకుంటే ఇవ్వరా?"

"వాళ్ళ కెప్టెనే వాడిని అబద్ధాలకోరు అన్నాడు. రాత్రి జట్లు దిగిన హోటల్‌కి వెళ్తే, వాళ్ళ జట్టంతా ఒక బల్ల దగ్గర భోంచేస్తోంది. వాడొక్కడూ లిఫ్టు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూసి లేచొచ్చాడు. ఏమన్నాడో తెలుసా?"

"తిట్టాడా?"

"తిట్టినా బాగుండేది. వచ్చీరాని మాటల్లో, 'నాకే అలా కనపడిందేమోలే, దగ్గరున్నది నువ్వు, నీ మాటే నిజం' అన్నాడు. చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. మామయ్యా? ఏమైంది?"

"ఏం లేదు. సూది గుచ్చుకుంది."

"రక్తం వస్తోంది."

"రానీ. ఆ షట్టరు పూర్తిగా దించు."

"ఎందుకు?"

"దించమంటే దించరా."

"దించాను. చెప్పు."

"చిల్లు ఉంది."

"ఊఁ."

"మధ్యలో ఊఁ కొట్టకు, ఆగిపోతాను. ఏడు వలలు కొత్తగా అల్లించాను. ఎనిమిదోదానికి రోజులు చాల్లేదు. పోయినేటి వల ఒకటి డాబా మీద ఎండలో పడి ఉంటే, దాన్నే ఉతికి పంపాను. ఎండకి నైలాను పైకి తెల్లగా మెరుస్తుంది, లోపల పుచ్చిపోతుంది. ఈ పనిలో చెయ్యి పెట్టినవాడికెవడికైనా తెలుసు ఆ సంగతి. నాకూ తెలుసు. ఒక్క వలే కదా, ఎవరు చూడొచ్చార్లే అనుకున్నాను."

"నువ్వు గోలు వెనకే ఉన్నావు."

"నాలుగడుగుల దూరంలో. బంతి లోపలికొచ్చింది. మూడు దారాలు తెగాయి. అక్కడ వేలాడుతున్న నీ టవల్‌ని ఎగరగొట్టుకుంటూ బయటపడింది. టవల్ ఎగిరి మళ్ళీ అక్కడే పడింది. రిఫరీకి కనపడింది టవల్ ఊగడం ఒక్కటే. కెమెరాకీ అంతే."

"తర్వాత?"

"తర్వాతేముంది, మూడు నిమిషాల విరామం. నువ్వు అవతలి గోలుకి మారావు. వాడు వల చూపిస్తానని రిఫరీని లాక్కొస్తున్నాడు. నా జేబులో సూది, మూరెడు తాడు ఎప్పుడూ ఉంటాయి. నువ్వు హడావుడిలో టవల్ మర్చిపోయి వెళ్ళావు కదా, దాని చాటున కూర్చుని నాలుగు ముళ్ళు వేశాను. వాళ్ళొచ్చేసరికి టవల్ భుజాన వేసుకుని పక్కకి జరిగాను."

"రిఫరీ లాగి చూశాడు."

"రాయిలా ఉంది. ముప్పై ఏళ్ళలో అంత గట్టి ముడి నేనెప్పుడూ వేయలేదు. ఆ పదో నంబరువాడు వలలోకి వేళ్ళు దూర్చి వెతికాడురా. వల కళ్ళన్నిట్లోనూ దూర్చి చూశాడు. నేను పక్కనే నిలబడి ఆకాశం చూశాను."

"ఆ కార్డు వల్ల వాళ్ళు రెండు నిమిషాలు అయిదుగురికి బదులు నలుగురితోనే ఆడారు. మనం గోల్ కొట్టింది ఆ రెండు నిమిషాల్లోనే."

"కొట్టింది ఎక్కడికి? ఆ మూలకే. ఆగింది దేనికి తగిలి? నా ముడికే. నిన్నటినుంచి నేను వేస్తున్న లెక్క అదే. వాళ్ళ గోల్ ఒకటి నా చిల్లు మింగింది. మన గోల్ ఒకటి నా ముడి పట్టుకుంది. గెలిచింది నాలుగు మూడు. ఊరంతా ఎగురుతున్నది ఆ ఒక్క గోల్ చూసే. అది మీ అయిదుగురిదీ కాదు. నాది."

"అత్తయ్యకి చెప్పావా?"

"లేదు. అన్నం ముందు కూర్చుని చేతిరుమాలుకి ముళ్ళు వేస్తుంటే, మీకేమైనా పట్టిందా అంది. మన మేనల్లుడు గెలిచాడని ఆనందం అన్నాను."

"ఇప్పుడేం చేద్దాం?"

"నువ్వేం చేయొద్దు. పంపకం నేను చేస్తాను, విను. చిల్లు నాది. ముడి నాది. వాడి ఎర్ర కార్డు నాది. పెద్ద హోటల్లో దిగిన నిర్వాహకుల దగ్గరికి మధ్యాహ్నం నేనే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్తాను. ఇకమీదట ఎవరూ నా వల కొనరు. సరే, కొనొద్దు. మళ్ళీ రెండు సూదులు, ఒక ఉండతో మొదలుపెడతాను."

"మరి నా వాటా?"

"నీకు వాటా లేదు. నీ కళ్ళలో ఇసుక పడింది, నీకు తోచింది చెప్పావు. ఈ మొత్తంలో శుభ్రంగా మిగిలింది నీ చేతులొక్కటే, నాకదే లాభం. వేదిక ఎక్కు, బహుమతి తీసుకో. ఇదిగో నీ టవల్. మీ అత్తయ్య ఉతికి మడత పెట్టింది. పట్టుకో."

"వద్దు."

"పట్టుకోరా, నీదే."

"ఆ వల అంచు మీద నీ కొట్టు పేరు కుట్టి ఉంటుంది కదా మామయ్యా."

"ప్రతి వలకీ ఉంటుంది. దానికేం?"

"ఆట మొదలవకముందే చూశాను. మూడు దారాలూ అప్పటికే తెగి వేలాడుతున్నాయి. సరిగ్గా పైన నీ పేరు. రిఫరీ వలలు తనిఖీ చేస్తూ నా వైపే వస్తున్నాడు. అంతమంది ముందు నీ పేరు పోతుందేమోనని..."

"ఏం చేశావు?"

"తీసుకెళ్ళి ఆ చిల్లు మీద టవల్ ఆరేశాను."

"ఆగు. మరి విరామంలో దాన్ని అక్కడే..."

"నేను మర్చిపోయి వెళ్ళలేదు మామయ్యా."