గంటకోసారి పలకాల్సిన మాట

కొత్తగా ఎన్నికల్లో గెలిచిన నాయకుడి పడకగది. మంచం పక్కన ఆయన భార్య. ఎదురుగా, పోయిన మాటలు తిరిగి నేర్పే డాక్టరు.

“మార్చి పదకొండు, డాక్టరు గారూ. రొట్టె, ఉడకబెట్టిన గుడ్డు తిన్నారు. గెలిచారని ఫోనొచ్చింది. ఎత్తారు. మాట రాలేదు.”

“ఇప్పుడు చాలా నయం కదమ్మా. ‘నీళ్లు’ అంటున్నారు, ‘చాలు’ అంటున్నారు. సార్, నా పెదాలు చూడండి. శాసనసభ్యుడు.”

“శా... శా...”

“సోమవారం ప్రమాణం చెయ్యలేకపోతే సీటు పోతుందని పార్టీవాళ్లు అంటున్నారు. ప్రమాణంలో మిగతా మాటలన్నీ గొణుగుతున్నారు. ఈ ఒక్క మాట దగ్గరే...”

“తొందరపెట్టకండమ్మా. అర్థం పట్టుకుంటే మాట దానంతటదే వస్తుంది. శాసనం అంటే ఆజ్ఞ, సార్. ‘శాస్’ అనే ధాతువులోంచి పుట్టింది. ఆజ్ఞాపించడం, దండించడం, నేర్పడం, అన్నీ దాన్లోవే.”

“మొదటి రెండూ ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు లెండి.”

“సభ్యుడంటే సభలో కూర్చోడానికి తగినవాడు. మర్యాద తెలిసినవాడు... నవ్వుతున్నారేంటమ్మా?”

“ఏం లేదు. కానివ్వండి.”

“శాసన... స... సభ్యుడు.”

“అదీ. మళ్లీ అనండి సార్.”

“శాసనసభ్యుడు.”

“విన్నారామ్మా? సార్‌కి కళ్లు చెమర్చాయి పాపం. ఇలా వచ్చి చెయ్యి పట్టుకోండి. అటుది కాదు, అది చచ్చుబడింది. కుడిది.”

“కుడిదా. అది నాకు బాగా తెలుసు.”

“ఒక్క సంగతి. గంటకోసారి పలికించాలి. ఒక రోజు మానేసినా మళ్లీ మొదటికొస్తుంది. నాకు ఊరెళ్లక తప్పదు, మంగళవారం గానీ రాను. అంతదాకా భారం మీదే.”

“మీరు నిశ్చింతగా వెళ్లిరండి.”

“ఇంత ఓర్పున్న మనిషి దొరకడం మీ అదృష్టం సార్. ఉంటానమ్మా.”

“మంచిది... గేటు దాటాడు. ఏంటండీ అలా చూస్తారు?”

“శాసన...”

“ఊహూ. అనకండి.”

“శాస...”

“వద్దన్నానా. ఇరవై ఏళ్లు నేను నోరెత్తినప్పుడల్లా మీరేం చేశారో నేనిప్పుడు చెయ్యను. నాకు చెయ్యి లేవదు. అన్నం కలిపి పెడతాను, వీపు తుడుస్తాను, దుప్పటి కప్పుతాను. ఎవరడిగినా గంటగంటకీ పలికిస్తున్నానంటాను.”

“నువ్... నువ్వు...”

“ఆ, నేనే. నీరసంగా ఉన్నారు, ఎవరూ పైకి రావద్దని మీ తమ్ముడికి కూడా చెప్పేశాను. పడుకోండి. తలుపు చప్పుడు కాకుండా వేస్తాను.”