బుగత మీద మూడు కంబారి ముక్కలు

"పిల్లల ఆటే గదాని నవ్వకండి, మావా," అన్నాడు సోములు, సాలూరు లారీ షెడ్ల పక్కన జోగయ్య టీకొట్టు బల్ల మీద మఠం వేసుకుని. "సిగరెట్టు పెట్టెలు కత్తిరించి నానే సేసిన పేక. ఎడ్లు, వాన, వడ్లబస్తా, కంబారి, అందరి మీదా ఒక బుగత. బుగత ముక్క కింద పడిందా, దాని నెత్తి మీద కంబారి ముక్క కొట్టినోడు గెలిసినట్టు."

సోములు తండ్రి ఊరి భూస్వామి అయిన బుగత ఇంట్లోనే కంబారి. ఏడాది జీతానికి కుదిరి, బతుకంతా ఊడిగం చేసి, ఆ పశువులసాలలోనే పోయాడు. సోములు లారీ ఎక్కి తప్పించుకున్నాడు గానీ గుడిసె ఉన్న స్థలం బుగతదే. ఇప్పుడు కూతురు చిన్నతల్లిని సాల ఊడవడానికి పంపమని కబురొచ్చింది.

"మొదట ఒక్క కంబారి సాలన్నాను. ఆట సిటికెలో అయిపోనాది, పిల్లలు జుట్లు పట్టుకున్నారు. అప్పుడు తెలిసినాది, ఒక్కడితో అవదని. మూడు కలవాలన్నాను. ఆ తర్వాత ఏటయినాదో తెలుసా? వీధి పిల్లలంతా బడి మానీసి నా అరుగు మీదే!"

"బడికెప్పుడెళ్లారు గనక," అన్నాడు జోగయ్య గ్లాసు తొలుస్తూ.

"ఇను మావా. ఆ పేక కొత్తవలస రైలు టేసనుకి తీసుకెళ్లాను. గార్డు ఒక్క ఆటన్నాడు, పచ్చజెండా ముడ్డి కింద ఏసుకుని కూకున్నాడు. కిరండూలు గూడ్సుబండి కదిల్తే ఒట్టు! ఇనపరాయి రాక విశాపట్నంలో జపాను ఓడ ఆగిపోనాది. కెప్టెన్ దిగొచ్చి, ముక్క సూసి, 'ఈ కంబారి ఎవరండీ' అని దండమెట్టాడు."

"తెలుగులోనే?"

"దండానికి భాషేటి? ఆ తర్వాత ఏటయినాదో తెలుసా? గాలికి ముక్కలెగిరి నాగావళిలో పడ్డాయి. ఏరు ఆగి, ఎనక్కి తిరిగి, ఎవడు దున్నితే ఆడి మడిలోకే నడిసినాది. బుగతలంతా తాళాలగుత్తులు నా లారీలో పడేసి, 'మమ్మల్ని ఎక్కడైనా దింపీ నాయినా' అని..."

సోములు గొంతు పెరిగిపోతోంది. ఆపితే పొద్దున్న జరిగింది గుర్తొస్తుందని అతనికి తెలుసు.

"మరి సిన్నతల్లి గెలిసిందేటి?" అడిగాడు జోగయ్య.

పాలు పొయ్యడానికొచ్చిన బుల్లమ్మ, సోములు 'అప్పా' అని పిలిచే అక్క, చెంబు దించింది.

"నాను సెప్తాను. పొద్దున్న అరుగు మీద ఆడించాడు. మూడు కంబారి ముక్కలూ పిల్ల సేతికే వొచ్చాయి. ఎదురుగా బుగత ముక్క. ఏసీ, ఏసీ అని వీడు గెంతుతన్నాడు. అది ముక్కలట్టుకుని అరుగు దిగిపోనాది. కింద మట్టిలో వరసగా పేర్చినాది."

"రూలు తెలీదేమో," అన్నాడు జోగయ్య.

"రూలు అప్పజెప్తాది. 'పైన పెట్టవే' అని వీడరిస్తే ఏటన్నాదో తెలుసా? 'పైన బుగతోరు కూకున్నారు గదయ్యా. ఆళ్లొస్తే నువ్వూ అరుగు దిగిపోతావు గదా' అన్నాది."

చుట్టూ టీ తాగుతూ వింటున్నవాళ్లెవరూ నవ్వలేదు. తరతరాలు బుగత పొలం పండించి, వాడి ఎదుట కూర్చునే హక్కయినా సంపాదించుకోలేని మనుషులు, ఎవరి గ్లాసులోకి వాళ్లు చూసుకున్నారు.

"ఆట మార్చీస్తాను అప్పా," అన్నాడు సోములు. "బుగత ముక్కే తీసీస్తాను."

"తీసీ. పేకలోంచి తీసీ. రేపు పిల్లని సాలకి పంపనని ఆ ఇంటికెళ్లి సెప్తావేట్రా?"

జపాను ఓడనాపినవాడు ఖాళీ గ్లాసు ఎత్తి మళ్లీ తాగబోయాడు.

"ఆ తర్వాత ఏటవుద్ది సోములూ?" మెల్లగా అడిగాడు జోగయ్య.

సోములు తల వంచుకున్నాడు. బల్ల మీద మఠం వేసిన కాళ్లు రెండూ నేల మీదున్నాయి. ఎప్పుడు దిగాయో అతనికే తెలియదు.